సర్వాయి పాపన్న: దారి లేని గుట్టలే కోటలు.. మన బండల మీద 300 ఏళ్ల కిందటి నడక

సండే వస్తే చాలు.. బ్యాగ్ భుజాన వేసుకుని, రెండు వాటర్ బాటిళ్లు పెట్టుకుని గుట్టలెక్కే బ్యాచ్‌లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కొందరు భువనగిరి, కొందరు ఖిలాషాపూర్, ఇంకొందరు పేరు కూడా తెలియని ఏదో బండ. పైదాకా ఎక్కాక బురుజు పక్కన నిలబడి ఓ రీల్, దాని వెనక ఓ పాట. మా మరిపెడ నుంచి కూడా బైకుల మీద తొర్రూరు, పాలకుర్తి మీదుగా అటువైపు వెళ్లే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ రీల్స్‌లో ఎక్కువగా వినిపించే పేరు ఒకటే. సర్వాయి పాపన్న. సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ అని విగ్రహాల కింద రాసి ఉంటుంది. ఏటా ఆగస్టు 18న జయంతి చేస్తారు. కానీ ముప్పై సెకన్ల వీడియోలో ఆయన బతుకు పట్టదు. పట్టినా సగం తప్పులే ఉంటున్నాయి. అందుకే ఈ కథ.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. పాపన్న గురించి మనకు తెలిసింది రెండు దారుల్లో వచ్చింది. ఒకటి.. మొగలుల కొలువులో ఉండి ఫార్సీలో చరిత్ర రాసిన ఖాఫీఖాన్ కథనం. ఆయన దృష్టిలో పాపన్న దొంగ, అంతే. రెండోది.. ఊళ్లల్లో పాడుకునే వీరగాథలు. వాటిల్లో పాపన్న మొనగాడు, రాజు. రెండూ నిజమనుకుంటే కుదరదు, రెండూ అబద్ధమనుకున్నా కుదరదు. అయితే ఒక్క విషయంలో మాత్రం రెండింటికీ తేడా లేదు. పాపన్న బలం గుట్టల్లో ఉంది.

గుట్టల సంగతి మొదట..

ఓరుగల్లు, జనగామ, భువనగిరి వైపు కనిపించే ఈ గ్రానైట్ గుట్టలు ఇప్పటివి కావు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటి రాయి. హిమాలయాలు వీటి ముందు నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు. మట్టి కొట్టుకుపోయి, రాయి పొరలు పొరలుగా ఊడి, మిగిలిన గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డాయి. కింద నుంచి చూస్తే నున్నటి పరుపు బండ. పైకి ఎక్కితే సందులు, గుహలు, ఒకడు మాత్రమే పట్టే ఇరుకు దారులు.

అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్లు. గుట్ట మీద నీళ్లెక్కడివి అని అడుగుతారు చాలామంది. గ్రానైట్ బండకు గుంత పడితే అది గిన్నెలాంటిది, చుక్క ఇంకదు. వానాకాలం నిండిన నీళ్లు ఎండల దాకా నిలుస్తాయి. వీటినే మన దగ్గర దొనలు అంటారు. కొన్ని సహజంగా ఏర్పడ్డవి, కొన్ని మనుషులు తొలిచి పెద్దవి చేసినవి. భువనగిరి కోట పైన ఇప్పటికీ అలాంటి నీటి గుంటలు చూడొచ్చు. అమెరికాలోనో కశ్మీర్‌లోనో పర్వతాల మధ్య సరస్సుల దగ్గర టెంట్ వేసిన వీడియోలు చూసి ఆహా అనుకుంటాం గానీ, ఆ ఏర్పాటుకు చిన్న సైజు నమూనా మన గుట్టల మీదే ఉంది.

దొన ఉన్న గుట్టకు చుట్టూ గోడ పూర్తిగా కట్టాల్సిన పని లేదు. బండకు బండకు మధ్య సందు మూస్తే కోట అయిపోతుంది. పునాది తవ్వే పని లేదు, రాయి మోసే పనీ తక్కువే. కింద సైన్యం ఎంత పెద్దదైనా పైకి రావాలంటే ఒక్కొక్కరుగా రావాల్సిందే. పాపన్నకు ఈ లెక్క బాగా తెలుసు.

ఎవరీ పాపన్న?

గీత కుటుంబంలో పుట్టాడు. పుట్టిన తేదీ 1650 ఆగస్టు 18 అని చెబుతారు. ఊరు ఖిలాషాపూర్, ఇప్పటి జనగామ జిల్లా రఘునాథపల్లి మండలం. జనం కథల్లో తల్లి పేరు సర్వమ్మ, ఆమె పేరు మీదే సర్వాయి అయిందని అంటారు. ఖాఫీఖాన్ కథనంలో మాత్రం సర్వా అనేవాడు వేరే మనిషి, పాపన్నకు కుడిభుజం. ఈ ముడి ఇప్పటిదాకా విడలేదు.

గీత పని అంటే ఏంటో చూసినవాళ్లకు తెలుసు. మోకు నడుముకు కట్టుకుని, పాదాలకు బంధం వేసుకుని, తాటిచెట్టు మొదలు నుంచి మొవ్వు దాకా పాకడం. పొద్దున ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి. చెయ్యి జారితే ప్రాణం పోతుంది. తాడు మీద, కాలి పట్టు మీద చిన్నప్పటి నుంచీ నమ్మకం ఉన్నవాడికి కోట గోడ ఎంత ఎత్తు అనిపిస్తుంది చెప్పండి? ఇది నా ఊహే. కానీ తర్వాత జరిగినవి చూస్తే మీకూ అదే అనిపిస్తుంది.

ఆయన బతికిన కాలంలోనే పరిస్థితి తలకిందులైంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. కుతుబ్‌షాహీలు పోయారు, మొగల్ ఫౌజ్‌దార్లు వచ్చారు. శిస్తు వసూళ్లు, యుద్ధాలు, కరువులు.. ఊళ్లల్లో పాత పట్టు పోయింది, కొత్త పట్టు ఇంకా కుదరలేదు. హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు వెళ్లే బాట మీద సరుకు, డబ్బు మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి.

మొదటి దోపిడీ.. సొంత అక్కాచెల్లెళ్ల ఇంట్లోనే

ఇది విగ్రహాల దగ్గర ఎవరూ చెప్పని భాగం. ఖాఫీఖాన్ రాసిన దాని ప్రకారం పాపన్నకు తోబుట్టువు ఒకామె ఉండేది. భర్త చనిపోయాడు, చేతిలో బాగా డబ్బు, నగలు ఉన్నాయి. పాపన్న కొందరిని వెంటేసుకుని ఆమె ఇంటి మీదే పడ్డాడు. ఉన్నదంతా లాక్కున్నాడు. ఆ సొమ్ముతో మనుషులను కూడగట్టి తాటికొండ గుట్ట మీద చిన్న కోట కట్టాడు. తాటికొండ ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఉంది. అక్కడి నుంచి చూస్తే బాట మీద పోయే బండ్లు కనబడతాయి. అదీ ఆ గుట్ట ఎంచుకోవడానికి కారణం.

జనం పాటల్లో ఈ ఘటన వేరేలా ఉంటుంది, తల్లి దాచిన సొమ్ముతో మొదలైందంటారు. ఏదైనా పెట్టుబడి మాత్రం ఇంటి నుంచే వచ్చింది. హీరో అనుకుంటే మింగుడు పడదు కానీ చెప్పకుండా వదిలేస్తే కథ కాదు.

చుట్టుపక్కల జమీందార్లు, ఫౌజ్‌దార్లు కలిసి తరిమేశారు. పాపన్న చాలా దూరం పోయాడు, ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని కౌలాస్ దాకా. అక్కడి జమీందారు వెంకటరావు దగ్గర జమేదారుగా చేరాడు. బుద్ధిగా ఉన్నాడా అంటే లేదు. మళ్లీ దోపిడీలు. వెంకటరావు పట్టుకుని జైల్లో వేశాడు.

కొన్ని నెలల తర్వాత వెంకటరావు కొడుక్కి జబ్బు చేసింది. ఖైదీలను వదిలేస్తే పుణ్యం వస్తుంది, బిడ్డ బతుకుతాడు అని తల్లి నమ్మింది. అందరినీ వదిలేయించింది. అలా బయటపడ్డ ఖైదీల్లో పాపన్న ఒకడు. ఒక తల్లి మొక్కు వల్ల తర్వాత ఎన్ని ఊళ్లు ఎలా మారాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఖిలాషాపూర్

విడుదలయ్యాక నేరుగా సొంత ప్రాంతానికి వచ్చాడు. ఫార్సీ రాతల్లో షాపూర్ అనే పేరుతో ఉన్నదే మన ఖిలాషాపూర్. సర్వాతో కలిసి అక్కడ కోట లేపాడు. ఈసారి గుంపు పెద్దది. ఎవరెవరున్నారో వీరగాథ పేర్లతో సహా చెబుతుంది. ముస్లింలు, దూదేకుల వాళ్లు, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి.. పెద్ద కులాల పేర్లు దాదాపు కనిపించవు. పాపన్నను బహుజన నాయకుడిగా ఇవాళ నిలబెడుతున్నవాళ్లకు ఇదే బలమైన ఆధారం.

అయితే బాధితుల జాబితా కూడా చూడాలి. వ్యాపారులు, బాట మీద పోయే బంజారాలు, పెద్దింటి ఆడవాళ్లు. బంజారాల దగ్గర పది, పన్నెండు వేల పశువులు లాక్కుని కోట చుట్టూ పొలాల్లో దున్నించాడని ఖాఫీఖాన్ రాశాడు. బంజారాలు ధనవంతులేం కాదు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని బతికేవాళ్లు. మా మరిపెడ చుట్టూ ఉన్న తండాల్లో ఈ ముక్క చెబితే ఎలా తీసుకుంటారో అని నాకు అనుమానమే. దున్నించాడు అన్న మాటలో ఇంకో సంగతి కూడా ఉంది. దోచుకుని పారిపోయేవాడు నాగలి కట్టడు. పాపన్న అక్కడే ఉండిపోవాలనుకున్నాడు.

ఫిర్యాదులు ఔరంగజేబు దాకా వెళ్లాయి. హైదరాబాద్‌లో డిప్యూటీ గవర్నర్‌గా ఉన్న రుస్తుం దిల్‌ఖాన్ మొదట కుల్పాక్ ఫౌజ్‌దారు ఖాసింఖాన్‌ను పంపాడు. కుల్పాక్ అంటే జైన మందిరం ఉన్న మన కొలనుపాక. ఖాసింఖాన్ పోరులో తూటా తగిలి చనిపోయాడు. దాంతో రుస్తుం దిల్‌ఖాన్ తనే దిగాడు. రెండు నెలల ముట్టడి. పాపన్న, సర్వా ఇద్దరూ గుట్ట దిగి జారుకున్నారు. దొరికింది ఖాళీ కోట. గోడలు కూల్చేసి వెళ్లిపోయాడు.

వాళ్లు అటు వెళ్లగానే వీళ్లు ఇటు వచ్చారు! ఈసారి రాయి, సున్నంతో మరింత గట్టిగా కట్టారు, ఫిరంగులు ఎక్కించారు. ఇప్పుడు ఖిలాషాపూర్‌లో మీరు ఫోన్‌లో తీసుకుంటున్న బురుజుల వెనక ఉన్నది ఆ పట్టుదలే. ఆ మధ్యలోనే సర్వా పోయాడు. శత్రువు చేతిలో కాదు.. పుర్దిల్‌ఖాన్ అనే సొంత గుంపు మనిషితో మాటామాటా పెరిగి ద్వంద్వ యుద్ధానికి దిగితే ఇద్దరూ చచ్చిపోయారు. ఆ తర్వాత పాపన్న ఒక్కడే నాయకుడు.

రుస్తుం దిల్‌ఖాన్ ఇంకోసారి వచ్చి ముట్టడించాడు. ఈసారి కత్తి కంటే డబ్బు పనిచేసింది. పాపన్న పెద్ద మొత్తం ముట్టజెప్పాడు, సైన్యం వెనక్కి పోయింది.

1708: వరంగల్, ఆ వెంటనే భువనగిరి

1707 మార్చిలో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. హైదరాబాద్‌లో చిన్న కొడుకు కాంబక్ష్ తనే బాద్‌షా అన్నాడు. రుస్తుం దిల్‌ఖాన్‌ను ఆయనే చంపించాడు. అంటే పాపన్నను ఆపాల్సినవాళ్లు ఒకరినొకరు చంపుకుంటున్నారు.

1708 మార్చి ఆఖరు. ముహర్రం, ఆషురా ముందు రాత్రి. వరంగల్ పట్నం అంతా ఆ హడావిడిలో ఉంది. పాపన్న రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో వచ్చాడు. కొందరు దారులు మూసేశారు. మిగతావాళ్లు తాళ్లు విసిరి గోడలెక్కారు. మోకు మళ్లీ పనికొచ్చింది అనిపిస్తుంది నాకైతే. పట్నాన్ని రోజుల తరబడి దోచారు. నగదు, బట్టలు, తివాచీలు.. పెద్ద ఇళ్ల మనుషులను బందీలుగా పట్టుకుపోయారు. వాళ్లలో ఖాజీ గారి భార్య, కూతురు కూడా ఉన్నారు. బందీలను ఉంచడానికే ఖిలాషాపూర్‌లో వేరే గోడలు కట్టాల్సి వచ్చింది.

1650 పుట్టుక నిజమైతే ఆ రాత్రికి పాపన్న వయసు 57. భువనగిరి గుట్ట సగం ఎక్కి ఆయాసంతో కూలబడే మన బ్యాచ్ ఒకసారి ఆలోచించుకోవాలి.

వచ్చిన డబ్బుతో ఏం చేశాడు? డచ్చి, ఇంగ్లిషు వ్యాపారుల దగ్గర 700 జంట గొట్టాల తుపాకులు కొన్నాడని రాత. పల్లకీలో తిరిగాడు, చుట్టూ కాపలా పెట్టుకున్నాడు. దొంగ అనే మాట సరిపోని స్థాయికి వచ్చేశాడు.

రెండు నెలలు తిరగ్గానే జూన్ 1న భువనగిరి. అది కూడా పండగ వేళే, ప్రవక్త జయంతి. ఏమరుపాటు రాత్రి చూసి కొట్టడం ఆయన పద్ధతి అని అర్థమవుతోంది కదా. భువనగిరి మాత్రం వరంగల్ లాంటిది కాదు. 500 అడుగులకు పైగా లేచిన ఒకే బండ, గుడ్డులా నున్నగా ఉంటుంది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి, జనం నోట భువనగిరి అయింది. నిచ్చెనలు వేశారు, చప్పుడైంది, కాపలావాళ్లు లేచారు. పై కోట దక్కలేదు. కింద మాత్రం చేతికి దొరికినవాళ్లను బందీలుగా పట్టుకుపోయారు.

ఆ బండ మీదే ఇప్పుడు రాక్ క్లైంబింగ్ స్కూల్ నడుస్తోంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టుకుని నేర్చుకుంది ఇక్కడే. పాపన్న మనుషులు జారిన బండ మీద నుంచే ఒక తండా అమ్మాయి ఎవరెస్ట్ దాకా వెళ్లింది.

దర్బారులో ఒక్క రోజు

1709 జనవరిలో బహదూర్‌షా హైదరాబాద్ వచ్చాడు. తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించి దర్బారు పెట్టాడు. ఆ దర్బారుకు పాపన్న కూడా వెళ్లాడు! 14 లక్షల రూపాయలు నజరానాగా ఇచ్చాడు, సైన్యానికి తిండిగింజలు కూడా పంపాడు. బాద్‌షా ఆయనకు ఖిల్లత్ కప్పాడు. గీత కార్మికుడి కొడుక్కి ఢిల్లీ పాదుషా సన్మానం చేశాడన్నమాట.

ఇక్కడే వైరల్ వీడియోల సంగతి చెప్పాలి. పాపన్న గోల్కొండను గెలిచి నెలల తరబడి ఏలాడు అని చాలా వాటిల్లో ఉంటుంది. ఖాఫీఖాన్ కథనంలో ఆ మాట లేదు. ఆయన రాసింది ఈ దర్బారు గురించే. నా వరకు ఇదే పెద్ద విషయం. కోటను కొట్టి లోపలికి పోవడం ఒక ఎత్తు. కొట్టినవాడినే పిలిచి శాలువా కప్పాల్సి రావడం ఇంకో ఎత్తు.

ఆ సన్మానమే కొంప ముంచింది. ఆడవాళ్లను ఇంకా బందీలుగా పెట్టుకున్నవాడికి ఖిల్లత్ ఏంటని పట్నం పెద్దలు మండిపడ్డారు. ఆ కోపం తప్పనడానికి లేదు. ఖాజీ ఇంటివాళ్లతో పాటు వేల మంది అప్పటికీ ఖిలాషాపూర్‌లోనే ఉన్నారు. బాద్‌షా మాట మార్చాడు. కొత్త గవర్నర్ యూసుఫ్‌ఖాన్‌కు పాపన్న పని పట్టమని హుకుం వెళ్లింది.

అన్నంలో ఆకురాళ్లు

యూసుఫ్‌ఖాన్ దిలావర్‌ఖాన్ అనేవాడిని పంపాడు. ఆ టైంలో పాపన్న వేరే జమీందారు మీద ముట్టడిలో ఉన్నాడు, ఖిలాషాపూర్‌లో లేడు. కోటలోని బందీల్లో ఆయన భార్య తమ్ముడో అన్నో ఒకాయన ఉన్నాడు. ఆయన ఫౌజ్‌దారు. సొంత బావమరిదినే పాపన్న సంకెళ్లలో పెట్టాడు. భార్య ఏం చేసింది? తోడబుట్టినవాడికి పంపే అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది. సంకెళ్లు అరగదీశారు. ఆయనతో పాటు మిగతా బందీలూ విడిపించుకుని కాపలావాళ్ల మీద తిరగబడ్డారు. కోట వాళ్ల చేతికి వచ్చింది.

కబురు తెలిసి పరుగున వచ్చిన పాపన్న మీద ఆయన ఫిరంగులే పేలాయి. తాను కట్టిన గోడ, తాను ఎక్కించిన ఫిరంగి, లోపల తన భార్య. ఆ చప్పుడు విని దిలావర్‌ఖాన్ సైన్యం కూడా వచ్చేసింది. ఇక నిలబడే వీలు లేదు. మొదట కట్టిన తాటికొండకే పారిపోయాడు.

ఈ కథ మొత్తంలో నాకు మర్చిపోలేనిది ఆ ఇల్లాలే. ఒక తోబుట్టువు ఇల్లు దోచి మొదలైనవాడి కోట, తోబుట్టువు కోసం తెగించిన ఇంకో ఆడమనిషి చేతిలో పోయింది. ఆమె పేరు ఏ విగ్రహం కిందా లేదు.

తాటికొండ ముట్టడి నెలల పాటు సాగింది. యూసుఫ్‌ఖాన్ స్వయంగా ఐదారు వేల గుర్రాలతో వచ్చాడు, చుట్టుపక్కల జమీందార్లు కూడా కలిశారు. బలంతో గుట్ట ఎక్కలేక 1710 మార్చిలో వేరే ఎత్తు వేశారు. దిగి వచ్చినవాళ్లకు క్షమాపణ, రెట్టింపు జీతం అని చాటించారు. ఆకలితో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు. పైన మందుగుండు అయిపోయింది. పాపన్న కాలికి గాయమైంది. వేషం మార్చుకుని, తన మనుషులకు కూడా చెప్పకుండా, రాత్రిపూట బండల మధ్య నుంచి ఒక్కడే దిగిపోయాడు.

అలా కుంటుతూ చేరింది హసనాబాద్ అనే ఊరు. అక్కడ ఓ కల్లు అమ్మేవాడి దగ్గర కూర్చుని కల్లు అడిగాడు. మారువేషంలో ఉన్నా కల్లు అమ్మే అతను గుర్తుపట్టాడు. ఆగమని కూర్చోబెట్టి వెళ్లి కబురు చెప్పాడు. సైనికులను తీసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? సంకెళ్లు కోసుకుని బయటపడ్డ ఆ బావమరిదే.

సొమ్ము ఎక్కడ దాచాడో చెప్పమని కొన్ని రోజులు హింసించారు. తర్వాత ముక్కలుగా నరికారు. తల బాద్‌షా దగ్గరికి పంపారు, మొండేన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు.

1874లో ఇండియన్ యాంటిక్వెరీ అనే పత్రికలో జె.ఎ.బాయిల్ అనే ఆంగ్లేయుడు తెలుగు వీరగాథల మీద వ్యాసం అచ్చు వేయించాడు. అందులో పాపన్న పాట ఉంది. చనిపోయి 160 ఏళ్లు దాటినా జనం పాడుతూనే ఉన్నారన్నమాట.

వెళ్లాలనుకునేవాళ్లకు..

ఖిలాషాపూర్ హైదరాబాద్ - వరంగల్ హైవేకి దగ్గరే. కోట ఊరి మధ్యలోనే ఉంది, చూడటం తేలిక. బురుజుల్లో కొన్ని శిథిలమయ్యాయి, అంచుల మీద నిలబడి సెల్ఫీలు వద్దు. తాటికొండ మాత్రం ట్రెక్. మెట్లు, రెయిలింగ్ ఆశించొద్దు. కంప, గడ్డి దాటుకుంటూ దారి మనమే చూసుకోవాలి. ఊళ్లో ఎవరినైనా తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది. వానాకాలం పరుపు బండ మీద నాచు పడుతుంది, మామూలు షూ ఆగదు. ఎండాకాలం పది దాటితే బండ కాలుతుంది. గుండ్ల కింద తేనెతుట్టెలు ఉంటాయి, పొగ పెట్టడం, కేకలు వేయడం చేయొద్దు. దొనల్లో నీళ్లుంటే వాటిని మేకలు, నెమళ్లు తాగుతాయి, సబ్బు షాంపూలు కలపొద్దు.

పైకి ఎక్కాక ఒక పని చేయండి. ఫోన్ కెమెరా మీ మొహం వైపు కాకుండా బయటికి తిప్పి చుట్టూ ఒక రౌండ్ వేయండి. ఉమ్మడి వరంగల్, ఖమ్మం, కరీంనగర్ జిల్లాల్లో గ్రానైట్ క్వారీలు ఎన్ని గుట్టలను బ్లాకులుగా కోసేశాయో ఆ దారుల్లో తిరిగేవాళ్లకు తెలుసు. మీకు కనిపించేవాటిల్లో ఏ గుట్టకు దొన ఉంది, ఏ గుట్టకు పేరుంది అని ఊళ్లోవాళ్లను అడిగి ఆ పేరు వీడియోలో రాయండి. లొకేషన్ ట్యాగ్ పెట్టేటప్పుడు ఖిలాషాపూర్‌ను, హైదరాబాద్ పక్కన ఉన్న షాపూర్‌నగర్‌ను కలిపేయకండి. అది జీడిమెట్ల వైపు ఉంది, అక్కడ గుట్ట లేదు.